మడమ మీద తీసిన అంకెని నమ్మకు

చెల్లీ,

మీ అపార్ట్‌మెంట్ క్యాంపులో ఇచ్చిన కాగితం ఫోటో చూశాను. ఎముకల సాంద్రత అంకె (టి-స్కోరు) మైనస్ 2.6 అని ఉందని రాత్రంతా నిద్రపోలేదట! మడమకి చేసింది అల్ట్రాసౌండ్. అసలు స్కాన్ ఎవరికి అవసరమో ఏరడానికి అది పనికొస్తుంది, ఎముకలు గుల్లబారాయని తేల్చడానికి కాదు. మైనస్ 2.5, అంతకంటే తక్కువైతే గుల్లబారినట్టే అనే గీత డెక్సాకి, అంటే ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్‌రే స్కాన్‌కి గీసింది. దాన్ని మడమకి అంటగట్టకూడదు.

డెక్సా తీయించుకో. నడుము, తుంటి రెండూ తీయమను. ఆ పొద్దున కాల్షియం మాత్ర వేసుకోకు, కడుపులో కరగకుండా ఉంటే నడుము ఎముకతో కలిసి కనబడుతుంది. చీర పిన్నీసులు, మొలతాడు తాయెత్తు తీసెయ్. నా సర్వీసంతా ఆ మిషన్ల దగ్గరే గడిచింది కదా, పిన్నీసులతో పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మన వయసులో నడుము అంకె తరచూ మోసం చేస్తుంది. అరుగుదలకి పెరిగిన ఎముక ముళ్ళు, కుంగిన వెన్నుపూస ఉంటే సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. నడుము బాగుండి తుంటి తగ్గితే తుంటినే నమ్ము. ఇంకోటి, మనలాంటి చిన్న ఒళ్ళు వాళ్ళకి డెక్సా కొంచెం తక్కువే చూపిస్తుంది. అందుకే అంకె ఒక్కటే చూడరు. అమ్మకి తుంటి విరిగిందని, నువ్వు ఉబ్బసానికి స్టెరాయిడ్ మాత్రలు వాడావని డాక్టరుకి తప్పకుండా చెప్పు. మళ్ళీ తీయించేటప్పుడు అదే సెంటరు, అదే మిషన్. రెండు మూడు శాతం తేడా వస్తే అది మిషన్ తేడానే కావచ్చు. ఆరు నెలలకోసారి పరిగెత్తకు.

తిండి సంగతి నీకు చెప్పాలా! వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, పెద్ద గ్లాసు పాలల్లో 250 దాకా ఉంటాయి. కాల్షియం కార్బొనేట్ మాత్రయితే అన్నం తిన్నాక వేసుకో, పొద్దున థైరాయిడ్ మాత్రకి నాలుగు గంటల ఎడం ఇవ్వు. అరవై వేల యూనిట్ల విటమిన్ డి మాత్రలు పక్కింటావిడ చెప్పిందని మింగకు, రక్తపరీక్ష చూసి డాక్టరు రాస్తేనే.

నడక మంచిదే, కానీ చాలదు. ఎముక మీద ఇంకాస్త బరువు పడాలి. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ఒంటికాలిమీద నిలబడడం మొదలుపెట్టు. డంబెల్స్ ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే. నడుం వంచి బియ్యం బస్తా లాగడం మాత్రం మానెయ్. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఈ వారమే వేయించు, ఎముక విరిగేది ఎక్కువగా పడినప్పుడే.

ఎముకలకి వారానికొక మాత్ర రాస్తే పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకు, కాఫీ కూడా ఆ తర్వాతే. ఆరు నెలలకోసారి వేసే ఎముకల ఇంజెక్షన్ (డెనోసుమాబ్) మొదలుపెడితే సొంతంగా ఆపకు. ఉన్నట్టుండి ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదముంది.

రిపోర్టు వచ్చాక బొమ్మలతో సహా అన్ని పేజీలూ పంపు. తుంటి సరిగ్గా తిప్పి తీశారో లేదో నేను చూడాలి.

మీ అక్క