కోనన్ 129లో హైబారా కనిపించకపోతే

జపాన్ యానిమే ‘డిటెక్టివ్ కోనన్’లో హైబారా అనే అమ్మాయి 129వ ఎపిసోడ్‌లో వస్తుందని తెరిస్తే వేరే కథ వచ్చిందా? మీ ఫైల్ బాగానే ఉంది, తేడా నంబర్లలో. జపాన్‌లో స్పెషల్ ఎంత నిడివిదైనా ఒకే ఎపిసోడ్. విదేశీ లెక్కలో దాన్ని అరగంట ముక్కలు చేస్తారు.

గంట నిడివి ఉన్న 11వది (మూన్‌లైట్ సొనాటా కేసు) అక్కడ 11, 12 అవుతుంది. అక్కణ్ణుంచి అన్నీ ఒకటి జరుగుతాయి. 52 దగ్గర ఇంకొకటి, 76 (కిడ్ అనే దొంగ వచ్చేది) దగ్గర మరొకటి. ఆ తర్వాతి స్పెషల్స్ కూడా కలిసి 129కి వచ్చేసరికి తేడా 7.

1. హైబారా వచ్చే 129 రెండు గంటల స్పెషల్. మీ జాబితాలో 136 నుంచి 139 దాకా తెరవండి.
2. చాలామంది వదిలేసేది ఇదే: నంబర్‌తో కాదు, పేరుతో సరిచూడండి. ఒకే తేడాను అన్నిటికీ కలిపితే మళ్లీ తప్పుతారు, ప్రతి స్పెషల్ దగ్గరా అది పెరుగుతుంది.
3. ముందు 135 (జపాన్ 128) చూడండి. హైబారా అక్క కథ అందులోనే.

సీజన్ నంబర్లు పట్టించుకోకండి, ఒక్కో చోట ఒక్కోలా విడగొడతారు.