‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’లో లాజిక్ ఎక్కడుంది?

ఐర్లండ్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ 1729లో రాసిన వ్యంగ్య వ్యాసం ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ మీద మీరు రెండు విషయాలు అడిగారు. సెటైర్ (ఎగతాళితో చేసే విమర్శ), ఐరనీ (పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించడం), లాజికల్ అప్పీల్ (లెక్కలతో, తర్కంతో ఒప్పించడం) మూడింటినీ ఎలా విడదీసి రాయాలి? పేదల పిల్లల్ని తినమనే వాదనలో అసలు లాజిక్ ఏముంటుంది?

డిగ్రీ విద్యార్థులకు ఈ వ్యాసం ఏళ్ల తరబడి చెబుతున్నాను. లెక్కలతో మొదలుపెడితే త్వరగా ఒంటబడుతుంది. అందుకే ముందు బోర్డు మీద లెక్క చేయిస్తాను. వ్యాసం ప్రకారం ఐర్లండ్ జనాభా 15 లక్షలు. పిల్లల్ని కనే జంటలు 2 లక్షలు. బిడ్డల్ని సాకగలిగే 30 వేల జంటల్ని తీసేస్తే 1,70,000. గర్భం నిలవనివీ, ఏడాదిలోపే పోయే పిల్లలూ కలిపి 50 వేలు తీసేస్తే, ఏటా మిగిలే పేద పిల్లలు 1,20,000. వాళ్లలో 20 వేలమందిని సంతతి కోసం ఉంచి, మిగతా లక్షమందిని ఏడాది నిండగానే మాంసానికి అమ్మాలంటాడు, వ్యాసంలో ఈ ప్రతిపాదన చేసే పాత్ర. సాకడానికి 2 షిల్లింగులు (అప్పటి నాణేలు), అమ్మితే 10, తల్లికి లాభం 8. ఆ చివరి తీసివేత దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా నవ్వుతున్న విద్యార్థులు ఊరుకుండిపోతారు.

కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా మొదటి మెట్టులో ఉంది. బిడ్డను సరుకుగా చూడొచ్చన్న మాటను అతను ఎక్కడా నిరూపించడు, అందరూ ఒప్పుకున్నట్టే ముందుకు వెళ్లిపోతాడు. జవాబులో ఇది తప్పకుండా రాయండి. ఆ లాజిక్ ప్రతిపాదన చేసే పాత్రది. ఆ పాత్ర అంత నిబ్బరంగా లెక్కలు కడుతుంటే మనకు ఒళ్లు జలదరించేలా చేయడం స్విఫ్ట్ ఐరనీ. ఇద్దరినీ కలిపేయకండి. నాకిందులో స్వార్థం లేదు, నా చిన్న బిడ్డకు తొమ్మిదేళ్లు, నా భార్యకు ఇక కాన్పులు లేవు అని చివర్లో చెప్పుకునేది ఆ పాత్రే. స్విఫ్ట్ వేరు, ఆయన అప్పట్లో డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్స్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చికి డీన్, అంటే ప్రధాన మతాధికారి.

సెటైర్ ఎవరి మీదో చూపించడానికి ఒక్క వాక్యం చాలు. ఈ మాంసం ఖరీదైనది కాబట్టి భూస్వాములకే తగినది, తల్లిదండ్రుల్ని ఇప్పటికే చాలావరకు మింగేశారు కనుక పిల్లల మీదా వాళ్లకే ఎక్కువ హక్కు అంటాడు. ఉప్పు వేయకుండానే మన ఐరిష్ జాతి మొత్తాన్ని తినేయగల దేశం ఒకటుందన్న మాట కూడా ఉంది. అది అప్పట్లో ఐర్లండ్‌ను ఏలుతున్న ఇంగ్లండ్ అని పేరు పెట్టి చెప్పనక్కర్లేదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది చివరి పేజీల్లో వస్తుంది, చాలామంది దాన్ని చదవకుండా దాటేస్తారు. వేరే మార్గాల గురించి నా దగ్గర మాట్లాడొద్దని చెబుతూ వాటన్నిటినీ వరసగా చదువుతాడు: దేశంలో ఉండని భూస్వాముల మీద పన్ను, స్వదేశీ వస్తువుల వాడకం, కౌలుదార్ల మీద కాస్తయినా కనికరం. ఇవి స్విఫ్ట్ నిజంగా కోరుకున్నవి. ఐర్లండ్‌లో తయారైన బట్టలే కట్టుకోండని 1720లోనే ఆయన కరపత్రం రాశాడు. ఎన్నేళ్లు చెప్పినా ఎవరూ వినలేదన్న కడుపుమంట అక్కడ సూటిగా తగులుతుంది. మీ జవాబులో ఈ భాగానికి కనీసం అర పేజీ కేటాయించండి.