కొత్త తేనెటీగల పెట్టెకి చక్కెర నీళ్లు ఎంత, ఫ్రేములు ఎప్పుడు

అబ్బీ, నువ్వు పంపిన ఫొటోలు పెద్దగా చేసి చూసినా. చీనీ (బత్తాయి) చెట్ల నీడలో పెట్టినావు, వాకిలి తూర్పుకు తిప్పినావు, అంతా బాగుంది. కానీ అయిదు ఫ్రేముల ఈగలు తెచ్చుకోని పక్కన మిగతా అయిదు ఫ్రేములూ (ఈగలు గదులు కట్టుకోను మైనం షీటు బిగించినవి) ఒకేసారి దోపేసినావు, పైన తట్ట నిండా చక్కెర పాకం పోసినావు. తొందరగా పెరగాలని నీ ఆశ నాకు అర్థమైతాంది లే, అయినా ఈ రెండూ ఈపొద్దే సరిచెయ్యి.

తిండి ఒకటి, చోటు ఒకటి అని విడివిడిగా చూస్తే పెట్టె పెరగదు నాయనా. ఈగలు చాలనంత చోటు ఇస్తే వెచ్చగా పెట్టుకోలేవు, పిల్ల, అంటే గుడ్లూ పురుగులూ, పెరగాలంటే లోపల 34, 35 డిగ్రీలు ఉండాల, మన నార్పల పక్క పగలు ఎండ ఎంత కాసినా కార్తీకం దాటితే రాత్రిళ్లు చలి పెడతాది కదా. పైగా ఈగలు పోని మూల ఫ్రేముల్లో మైనం పురుగు చేరతాది. అదే చోటు ఇవ్వకుండా తిండి మాత్రం పోస్తా పోతే ఇంకో తంటా, ఆ చక్కెర నీళ్లు దాచుకోను తావు లేక రాణి గుడ్లు పెట్టాల్సిన గదుల్లోనే నింపేస్తాయి, ఇంక రాణికి గుడ్డు పెట్టను జాగా ఉండదు, పెట్టె బరువుగా ఉందని నువ్వు సంతోషపడతాంటావు, లోపల పిల్ల తగ్గిపోతాంటాది. ఇది చానామంది గమనించరు.

అందుకని ముందు ఆ అయిదు ఖాళీ ఫ్రేముల్లో నాలుగు బయటికి తీసెయ్. ఒక్కటి ఉంచి, దాని పక్కన డమ్మీ బోర్డు, అంటే లోపలి చోటు తగ్గించే అడ్డ పలక, నిలబెట్టు. డమ్మీ బోర్డు లేకపోతే ఫ్రేము సైజు పలక ఒకటి కోయించుకో, కార్పెంటరు అయిదు నిమిషాల్లో కోసిస్తాడు. తీసిన షీట్లు ఎండ తగలకుండా పేపర్లో చుట్టి ఇంట్లో పెట్టు, ఎండలో పెడితే వంకర పోతాయి.

ఇంక చక్కెర నీళ్లు. పాకం అని నువ్వు నిజంగానే పాకం పట్టినట్టుండావు, రంగు చూస్తే అట్లే ఉంది. అట్ల వద్దు. నీళ్లు కాంచి పొయ్యి మీంచి దించి, అందులో చక్కెర పోసి కరిగిందాకా తిప్పి, చల్లారినాక పెట్టు. చక్కెర మాడితే ఈగలకు కడుపు చెడతాది. బెల్లం కూడా వద్దు, అదే కారణం. కిలో చక్కెరకి లీటరు నీళ్లు, మైనం కట్టుకోవాలన్నా రాణి గుడ్లు ఎక్కువ పెట్టాలన్నా ఈ పల్చనిదే సరిపోతాది. రెండు కిలోలకు లీటరు చొప్పున చిక్కగా చేసేది పూలు బొత్తిగా లేని రోజుల్లో దాచిపెట్టుకునేదానికి, నీకు ఇప్పుడు దాంతో పని లేదు. ఎవరో అంగట్లో కొన్న తేనె పోయమన్నారని అడిగినావు కదా, వద్దే వద్దు, వేరే పెట్టెల జబ్బు ఏదన్నా ఉంటే తేనెలో వస్తాది, అది పట్టిందంటే పిల్లంతా కుళ్లిపోతాది, చక్కెరతో ఆ భయం లేదు.

ఎంత అంటే మొదట అర లీటరు. పొద్దు గూకినాక పెట్టు, పగలు పెట్టావంటే వాసనకి పక్క పెట్టెల ఈగలు, అడవి ఈగలు అన్నీ వచ్చి దోచుకుంటాయి, కొత్త పెట్టె చిన్నది కదా నిలబడలేదు. వాకిట్లో ఈగలు కుస్తీ పడతాంటే, పెట్టె సందుల్లో బయటి ఈగలు దూరను చూస్తాంటే దోపిడీ మొదలైందని లెక్క, వెంటనే వాకిలి ఒక ఈగ పట్టేంత చిన్నది చేసెయ్. మామూలుగా కూడా ఇప్పుడు వాకిలి రెండు వేళ్ల వెడల్పు చాలు. తట్టలో పోస్తే పైన వేప పుల్లలో వరిగడ్డో వెయ్యాల, లేకపోతే పడి చస్తాయి, దానికన్నా సీసా మూతకి సన్న బొక్కలు పొడిచి తలకిందులుగా ఫ్రేముల పైన పెట్టేది నాకు నచ్చుతాది, కారదు, మునగవు. కింద ఒలికిన చుక్క తుడిచెయ్. స్టాండు కాళ్ల కింద గిన్నెల్లో నీళ్లు పోసి రెండు చుక్కలు కాలిన ఆయిలు వెయ్, గడ్డి పెరిగి పెట్టెకి తగిలిందంటే చీమలు దాన్ని పట్టుకోనే ఎక్కుతాయి, అదీ కోసెయ్.

పొద్దున చూస్తే సీసా ఖాళీ అయ్యుంటే రెండు రోజులకొకసారి అంతే పెట్టు. మిగిలుంటే ఇంక తగ్గించు, పులిసింది మాత్రం పారబొయ్యి. బయట కంది పూత పట్టింది, రేగు పూత ఇంకా ఉంది, ఈగల కాళ్లకి పుప్పొడి ముద్దలు కనపడతాంటే, ఫ్రేము వంచితే తేనె నీళ్లు కారతాంటే, ఓ రెండు ఫ్రేముల పైభాగం మూతలు పెట్టిన తేనె ఉంటే, ఆపెయ్. పుప్పొడి రాకపోతే మాత్రం చక్కెర ఒక్కటే పోస్తే సరిపోదు, పిల్లకి ముద్ద కావాల. వేయించిన శనగపిండి చక్కెర నీళ్లతో చపాతీ పిండి మాదిరి కలిపి చిన్న బిళ్ల ఫ్రేముల పైన పెట్టు. మీ చుట్టూ జొన్న, మొక్కజొన్న ఉంటే దాని పుప్పొడే వస్తాది, అప్పుడు ఈ బిళ్ల అక్కర్లేదు.

ఫ్రేము ఎప్పుడు వెయ్యాలంటే డేటు చూసి వేసేది కాదు, ఈగల్ని చూసి వెయ్యాల. ఉన్న ఫ్రేములన్నీ రెండు పక్కలా ఈగలు కప్పేసి చివరి ఫ్రేము బయటి ముఖం మీద కూడా ఈగలుండాయంటే, ఫ్రేముల పై కట్టె మీద తెల్లగా కొత్త మైనం అంటిస్తాంటే, అప్పుడు ఒక్క షీటు ఇవ్వు. యాడ ఇవ్వాలంటే చివరి పిల్ల ఫ్రేముకి, అంచున ఉన్న తేనె ఫ్రేముకి మధ్యలో. పిల్ల ఫ్రేముల నడిమధ్యలో దూర్చొద్దు, కొందరు తొందరగా కట్టుకుంటాయని అట్ల చేస్తారు, ఎండాకాలం బలమైన పెట్టెకి నడుస్తాదేమో గానీ నీ అయిదు ఫ్రేముల పెట్టెకి ఈ చలిలో పిల్ల రెండు ముక్కలైపోతాది. ఇచ్చిన షీటు కట్టుకోని రాణి గుడ్లు పెట్టినాకనే ఇంకోటి. మైనం ఊరికే రాదు నాయనా, కిలో మైనానికి ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తినాలంటారు, షీటు ఇచ్చిన వారమే కదా చక్కెర నీళ్లు నిజంగా పనికొచ్చేది. బయట పూలు లేవనుకో, షీటు ఇచ్చిన రాత్రే సీసా కూడా పెట్టు.

మొదటి మూడు వారాలు ఈగలు తగ్గినట్టు అనిపిస్తాయి, భయపడి ఫోన్ చెయ్యొద్దు. గుడ్డు ఈగ అయ్యేకి 21 రోజులు పడతాది, ఆలోపల పాతవి చస్తాంటాయి. తర్వాత ఒక్కసారిగా పెరుగుతాది, ఒక ఫ్రేము నిండా మూత పెట్టిన పిల్ల బయటికొస్తే రెండు ఫ్రేములు కప్పేంత ఈగలైతాయి, అప్పుడు నువ్వు ఆలస్యం చేస్తే ఎగిరిపోను చూస్తాయి. అందుకే వారానికొకసారి తప్పకుండా తెరువు, ఎండ తగ్గినాక, పది నిమిషాల్లో ముయ్యి. ఫ్రేముల కింది అంచు చూడు, శెనక్కాయ మాదిరి గది వేలాడతాంటే, అందులో గుడ్డో తెల్ల పురుగో ఉంటే అది రాణి గది. గుడ్డు పెట్టిన తొమ్మిదో రోజుకల్లా దాని మూత పడతాది, మూత పడినాక పాత రాణి గుంపును తీసుకోని పోతాది, వారం లెక్క దానికోసమే. ఒట్టిగా ఆ గదులు గిల్లేస్తే మళ్లీ కడతాయి. చోటు ఇవ్వు, లేదా రెండు పిల్ల ఫ్రేములు ఈగలతో సహా రాణి గది ఒకటి ఉండేటట్టు వేరే పెట్టెలోకి తియ్యి, పాత రాణి మాత్రం పాత పెట్టెలోనే ఉండేది చూసుకో, రెండో పెట్టె ఫ్రీగా వచ్చినట్టే.

ఇప్పుడు నీ అసలు లెక్క చీనీ పూతది కదా. సంక్రాంతి దాటినాక పూత పట్టిందనుకో, ఆ పూల మీదికి పోయే ఈగ గుడ్డుగా పడాల్సింది డిసెంబరు మొదట్లో, ఎందుకంటే 21 రోజులు గదిలో, ఇంకో మూడు వారాలు దాకా ఇంటి పనిలో ఉండి అప్పుడు బయటికి పోతాది. కాబట్టి కంది పూత అయిపోయి బయట ఏమీ లేకుంటే నవంబరు ఆఖరు నుంచి కొద్ది కొద్దిగా మళ్లీ మొదలుపెట్టు, అర లీటరు చాలు. దగ్గర్లో ఎవరన్నా సన్‌ఫ్లవర్ వేసినారంటే చక్కెర మిగిలినట్టే.

పది ఫ్రేముల్లో ఎనిమిది ఈగలతో నిండి బయట తేనె వస్తాంటేనే పైన తేనె గది (తేనె దాచుకునే రెండో పెట్టె) ఎక్కించు, మధ్యలో రాణి పైకి ఎక్కకుండా ఆపే జాలీ, క్వీన్ ఎక్స్‌క్లూడర్ పెట్టు. ఎక్కించిన రోజు నుంచి చక్కెర నీళ్ల సీసా ఇంట్లోకి పోవాల, ఎంత మేఘమొచ్చినా వానొచ్చినా సరే. లేకపోతే ఆ గదిలో నిండేది చక్కెర, అమ్మేది తేనె పేరుతో. మా పులివెందుల పక్క అట్ల అమ్మేటోళ్లు ఉండారు, నీకు ఆ పేరు వద్దు.

పురుగు మందు సంగతి ఒక మాట, పక్క తోటల వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకో, పూతలో కొట్టకుండా ఉంటే మంచిది, తప్పదంటే పొద్దు గూకినాక కొట్టుకోమను, కొట్టేముందు నీకు ఫోన్ చెయ్యమను. నీళ్ల తొట్టిలో రాళ్లు వేసి పెట్టెకి కొంచెం దూరంలో పెట్టు, బోరు దగ్గర మురికికి పోకుండా.

ఆదివారం తెరిచినప్పుడు ఫ్రేములు ఒక్కొక్కటీ రెండు పక్కలా ఫొటో తీసి పంపు, వెలుతురు వెనక నుంచి పడేటట్టు తియ్యి, గుడ్లు కనపడాల. మీ అమ్మ చక్కెర డబ్బా ఖాళీ చేస్తాండాడని నాకు ఫోన్ చేసి తిట్టింది, ఆమెకి నేనేం చెప్పలేను, పది కిలోల మూట ఒకటి వేరేగా కొనుక్కోపో.

మీ పెద్దమ్మ