మూత్రాశయంలో బీసీజీ: జ్వరం వస్తే టీబీ సోకినట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూత్రాశయంలోని క్యాన్సర్ గడ్డను తీసేసిన తర్వాత, వారానికొకసారి బీసీజీ మందును మూత్రాశయంలోకి ఎక్కిస్తున్నారు. నాలుగో డోసు వేసిన రాత్రి 100 డిగ్రీల జ్వరం వచ్చి, మర్నాటికి తగ్గింది. ఈ మందుతో టీబీ వస్తుందని బంధువులు భయపెడుతున్నారు. నిజమేనా? ఇంట్లో ఏడాది పాప ఉంది, ఆమెకు అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది గాని, అంత భయం అక్కర్లేదు. పశువులకు క్షయ కలిగించే సూక్ష్మజీవిని ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే శాస్త్రవేత్తలు 13 ఏళ్లపాటు ప్రయోగశాలలో పెంచుతూ బలహీనపరచగా వచ్చినదే బీసీజీ; పసిపిల్లలకు వేసే టీకా కూడా ఇదే. మూత్రాశయ క్యాన్సర్‌కు దీనిని వాడి, ఫలితాలను 1976లో ప్రకటించినవారు కెనడాలో పనిచేసిన డాక్టర్ అల్వారో మొరాలెస్. ఈ మందు మూత్రాశయం లోపొరలో వాపు పుట్టించి, రోగనిరోధక కణాలను అక్కడికి రప్పిస్తుంది. కాబట్టి డోసు తర్వాత మూత్రంలో మంట, ఒకటి రెండు రోజుల స్వల్ప జ్వరం చాలామందికి వచ్చేవే. అయినా తర్వాతి డోసుకు ముందు ఆ సంగతి యూరాలజిస్టుకు తప్పక చెప్పండి.

అయితే ఇది బతికున్న సూక్ష్మజీవి. కాథెటర్ (మూత్రాశయంలోకి పంపే సన్నని గొట్టం) వేసేటప్పుడు లోపల గీరుకుపోతే, లేదా గడ్డ తీసిన పుండు మానకముందే మందు ఎక్కిస్తే, అది రక్తంలోకి చేరే వీలుంది. అందుకే ఆపరేషన్ తర్వాత కనీసం రెండు వారాలు ఆగుతారు. మూత్రంలో రక్తం కనిపించినా, ఇన్‌ఫెక్షన్ లక్షణాలున్నా డోసు వాయిదా వేస్తారు. వాయిదా పడిందని కంగారుపడి, ఆ రోజే వేయమని డాక్టరును ఒత్తిడి చేయడం మంచిది కాదు.

2,602 మంది రోగుల వివరాలతో 1992లో వెలువడిన పరిశీలనలో తీవ్ర జ్వరం 2.9 శాతం మందికి, ఊపిరితిత్తుల లేదా కాలేయపు వాపు 0.7 శాతం మందికి, ప్రాణాపాయమైన సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ప్రభావం ఒళ్లంతా పాకడం) 0.4 శాతం మందికి వచ్చాయి. జ్వరం 101 దాటి రెండు రోజులైనా దిగకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గజగజ వణుకు, ఆయాసం, కామెర్లు, వృషణాల వాపు, మాట తడబాటు ఉంటే ఆ రెండు రోజులు కూడా ఆగవద్దు.

ఎక్కువమంది మరచిపోయేది మరొకటుంది. ఈ ఇన్‌ఫెక్షన్ నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక వెన్నుపూసల్లోనో, పెద్ద రక్తనాళాల గోడల్లోనో బయటపడవచ్చు. కల్చర్ పరీక్షలో (నమూనాలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) సూక్ష్మజీవి దొరకకపోవడమూ మామూలే. అప్పుడు చూసే డాక్టరుకు పాత బీసీజీ సంగతి తెలియకపోతే అసలు కారణం తట్టదు. మామూలు టీబీకి ఇచ్చే పైరజినమైడ్ దీనిపై పనిచేయదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ పనిచేస్తాయి. కనుక డోసుల తేదీలున్న కాగితాన్ని పదిలంగా ఉంచి, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా చూపించండి.

ఇక పాప విషయం. తాతగారు ఎత్తుకున్నంత మాత్రాన ఆమెకు ఏమీ అంటుకోదు. జాగ్రత్త పడవలసింది మూత్రంతోనే: డోసు తర్వాత ఆరు గంటల వరకు ఆయన కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ టాయిలెట్‌లో బ్లీచ్ ద్రావణం పోసి, 15 నిమిషాలు ఆగి నీళ్లు వదలాలి. తడిసిన బట్టలను విడిగా ఉతకండి.