జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లు పోయకండి

హైదరాబాద్ నుంచి పిల్లలతో సూర్యలంక బీచ్‌కి వెళ్తున్నాం, జెల్లీఫిష్ కుడితే తాగే నీళ్లతో కడగొచ్చా అని అడిగారు కదండీ. వద్దు. చర్మానికి అతుక్కున్న దారాల్లాంటి జెల్లీఫిష్ తీగల్లో ఇంకా పేలని విషకణాలుంటాయి. చల్లటి మంచినీళ్లు తగిలినా, ఇసుకతో రుద్దినా అవి పేలి మంట పెరుగుతుంది. మూత్రం పొయ్యమని ఎవరు చెప్పినా వినకండి.

సముద్రపు నీళ్లే పోసి, తీగల్ని ట్వీజర్‌తో మెల్లగా ఎత్తి తీసేయండి. తీగలన్నీ పోయాకే వేడినీళ్లు: 40–45 డిగ్రీలు, 20 నుంచి 40 నిమిషాలు ముంచి ఉంచాలి. వేడికి విషం బలం తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. ముందు మీ చెయ్యి పెట్టి చూడండి, పిల్లల చర్మం తొందరగా కాలుతుంది. ఫ్లాస్కు వెంట ఉంచుకోండి.

ఆయాసం, ఛాతీనొప్పి, ఆగని వాంతులుంటే వెంటనే 108.

ఒడ్డున చచ్చి పడున్నదీ కుడుతుంది, ముట్టుకోనివ్వకండి.