మోకాళ్ల శబ్దం గురించి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మెట్లు ఎక్కుతున్నప్పుడూ, కింద కూర్చుని లేస్తున్నప్పుడూ మోకాళ్లు టక్కుమంటున్నాయనీ, అవి అరిగిపోతున్నాయేమోనన్న భయంతో పది రోజులుగా నడకే మానేశావనీ రాశావు. నొప్పి గానీ వాపు గానీ లేవంటున్నావు కాబట్టి, శబ్దం సంగతి చెప్పేలోగా ఆ మానేసిన నడకను మళ్లీ మొదలుపెట్టు.

కీలు లోపల గుడ్డు తెల్లసొనలా జిగటగా ఉండే ద్రవం ఉంటుంది, అందులో కొంత వాయువు కరిగి ఉంటుంది. కీలు హఠాత్తుగా సాగినప్పుడు లోపలి ఒత్తిడి పడిపోయి బుడగ ఏర్పడుతుంది, టక్కుమనే శబ్దానికి మూలం అదే. వేళ్లు విరుచుకునేటప్పుడు జరిగేదీ ఇదే. ఒకసారి విరిచిన వేలు మళ్లీ మోగడానికి సుమారు 20 నిమిషాలు పట్టడం నువ్వూ గమనించే ఉంటావు. శబ్దం బుడగ పుట్టినప్పుడు వస్తుందా, చితికినప్పుడు వస్తుందా అని నిపుణులు వాదించుకుంటూనే ఉన్నారు గానీ, మన మోకాలికి ఆ వాదంతో పని లేదు.

ప్రతిసారీ ఒకే వంపు దగ్గర పటుక్కుమంటే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ ఎముక అంచు మీదుగా జారుతూ ఉండవచ్చు. ఇక మూడోది కిర్రుమనే శబ్దం. కుర్చీలో కూర్చుని మోకాటి చిప్ప మీద అరచెయ్యి ఉంచి కాలు నెమ్మదిగా చాపి చూడు. సన్నని ఇసుక నలుగుతున్నట్టు చేతికి తెలిస్తే, చిప్ప వెనుక మృదులాస్థి, అంటే ఎముకను కప్పి ఉండే నున్నని పొర, నునుపు కొంత తగ్గి ఉండవచ్చు. మృదులాస్థిలో నరాలు ఉండవు కాబట్టి ఆ గరుకుదనం ఒక్కటే నొప్పి పుట్టించదు. ఏ బాధా లేనివారి మోకాళ్లలోనూ ఇది తరచుగా ఉంటుంది.

నీ వయసులో నేనూ ఇలాగే బెదిరిపోయి, ఎడమకాలు అరగకుండా కాపాడుకుంటున్నానన్న భ్రమతో, నెలల తరబడి మెట్లన్నీ కుడికాలితోనే ఎక్కాను. చివరికి వ్యాయామ చికిత్స చేసే ఆయన టేపుతో కొలిచి, ఎడమ తొడ రెండు సెంటీమీటర్లు సన్నబడిందని చూపించాడు. కిర్రుమనడం తగ్గలేదు సరికదా, లేని నొప్పి కొత్తగా వచ్చి చేరింది. చిప్పను దాని గాడిలో సరిగ్గా నడిపించేది తొడ ముందు కండరం. అది నీరసిస్తే చిప్ప పక్కకు ఒరుసుకుంటుంది.

అందుచేత తొడకు బలం కూడదియ్యి. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకు అదిమేటట్టు తొడ బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టు, కాలికి పదిసార్లు. తరువాత వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని వంచకుండా జానెడు ఎత్తు లేపి నెమ్మదిగా దించు. దించేటప్పుడు తొందరపడటం అందరూ చేసే పొరపాటు, బలం వచ్చేది అక్కడే. రెండు వారాల తరువాత గోడకు వీపు ఆనించి సగం వరకే కూర్చుని లేవడం కలుపుకో. వీటితోపాటు పక్కకు తిరిగి పడుకుని పై కాలిని ఎత్తే వ్యాయామం కూడా చెయ్యి, తుంటి బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి వాలుతుంది. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అప్పటికీ శబ్దం పూర్తిగా పోకపోవచ్చు.

బరువు పెరిగితే మాత్రం తగ్గించుకో. బరువు ఎక్కువగా ఉండి కీళ్లు అరిగినవారిలో ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు మోకాలిపై ప్రతి అడుగుకూ సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. నూనె మర్దన హాయిగా ఉంటుంది, చేయించుకో. అయితే చర్మం మీద రాసిన నూనె కీలులోకి ఇంకి శబ్దాన్ని మాన్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకు.

కాలు మెలిపడి టప్పుమని, కొద్ది గంటల్లో మోకాలు వాచినా, సగంలో బిగుసుకుపోయి చాపలేకపోయినా, నడుస్తుండగా చటుక్కున ఒరిగిపోతున్నా ఎముకల వైద్యుడి దగ్గరకు ఆలస్యం చేయకుండా వెళ్లు. మోకాలు వేడెక్కి ఎర్రబడి జ్వరం కూడా వస్తే అదే రోజు చూపించుకోవాలి. శబ్దం ఏ కదలికలో వస్తుందో, దానితోపాటు నొప్పి ఉందో లేదో ముందే కాగితం మీద రాసుకుని వెళితే ఆయనకు పరీక్ష సులువవుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న