యూరోరాక్ మాడ్యూళ్ల 3.5 ఎంఎం జాక్‌లు పీకేసి బనానా సాకెట్లు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. యూరోరాక్ అంటే విడివిడి మాడ్యూళ్లు ఒక కేసులో బిగించి, కేబుళ్లతో కలుపుకునే సింథసైజర్. బనానా అంటే ఒక్క తీగే ఉండే 4 ఎంఎం ప్లగ్. కానీ రెడీమేడ్‌గా కొన్న మాడ్యూల్ జోలికి మాత్రం వెళ్లకండి. కిట్ తెచ్చి మీరే కట్టుకున్నదైతే మీ ఇష్టం. బనానా కేబుళ్లు వాడే సెర్జ్ సింథ్‌లలో లాగా కేబుల్ మీద కేబుల్ గుచ్చుకోవాలన్న మీ సరదా నాకు తెలుసు. ఒక అవుట్‌పుట్‌ని నాలుగు చోట్లకి పంపడానికి మల్టిపుల్ అని ఇంకో మాడ్యూల్ కొనమనడం నాకూ ఒళ్లు మండే విషయమే.

ఈ ప్రశ్న ఎవరడిగినా అందరూ డ్రిల్ బిట్ సైజులు చెప్తారు. అసలు చిక్కు జాక్‌కి ఉండే మూడో కాలు దగ్గర ఉంటుంది.

మేం ఉండేది చెన్నైలో, వేలచ్చేరిలో. మా బావమరిదికి కూడా ఇదే పిచ్చి పట్టి, తను కట్టిన వీసీఏని (వోల్టేజీతో శబ్దాన్ని పెంచి తగ్గించే మాడ్యూల్) బనానాకి మార్చాలని, ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లాడు. షాపాయన "కాలేజ్ ల్యాబా సార్?" అని ఎరుపు, నలుపు సాకెట్లు గల్లా మీద పోశాడట. సెర్జ్ పద్ధతిలో ఆడియోకి నలుపు, కంట్రోల్ వోల్టేజీకి (సీవీ) నీలం, పల్స్‌లకి ఎరుపు. నీలం అడిగితే ఆయన వీణ్ణి ఎగాదిగా చూశాడట. ఉన్నవాటితోనే సరిపెట్టుకుని ఇంటికొచ్చి, ప్యానెల్ విడదీసి, 6 ఎంఎం రంధ్రాలు పెద్దవి చేసి, బోర్డు నుంచి వైర్లు లాగి బిగించాడు. వాళ్లక్కేమో, సోల్డర్ పొగ వంటింట్లోకి వస్తే సామానంతా వీధిలో పెడతానని అరుస్తూనే ఉంది.

పవర్ ఇస్తే ఎల్‌ఈడీ వెలిగింది. శబ్దం మాత్రం లేదు. నాబ్ చివరిదాకా తిప్పినా లేదు. "బావా, వేడికి చిప్పు పోయింది" అని వాడే తేల్చేసి, మళ్లీ వెళ్లి టీఎల్074 చిప్పులు తెచ్చి మార్చాడు. అయినా అంతే. అప్పుడు సర్క్యూట్ డయాగ్రమ్ తెరిపించి చూశాను.

3.5 ఎంఎం మోనో జాక్‌కి టిప్, గ్రౌండ్ కాక స్విచ్ కాలు ఒకటి ఉంటుంది. ప్లగ్ గుచ్చనంతసేపు అది టిప్‌ని తాకి ఉంటుంది, గుచ్చగానే విడిపోతుంది. దీన్నే నార్మలింగ్ అంటారు. ఆ వీసీఏలో సీవీ ఇన్‌పుట్ స్విచ్ కాలికి 5 వోల్టులు ఇచ్చారు. అందుకే కేబుల్ లేనప్పుడు అది మామూలు వాల్యూమ్ నాబ్‌లా పనిచేసేది. బనానా సాకెట్‌కి ఉండేది ఒక్కటే కాలు. ఆ 5 వోల్టులు వచ్చే దారి పోయింది, వీసీఏ మూసుకుపోయింది. చివరికి చిన్న టాగుల్ స్విచ్ పెట్టాడు, మాడ్యూల్ పేరు అచ్చేసిన చోట తప్ప ప్యానెల్ మీద ఇంకెక్కడా జాగా లేక అక్కడే.

ఇన్‌పుట్‌ను రెసిస్టర్‌తో వోల్టేజీకి కట్టేస్తే చాలని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పిచ్ ఇన్‌పుట్ (స్వరం ఎత్తుని నిర్ణయించేది) దగ్గర ఆ పని చేయకండి. 1 కిలో ఓమ్ అవుట్‌పుట్ వచ్చే చోట 100 కిలో ఓమ్‌లతో 5 వోల్టులు తగిలిస్తే, 0 వోల్టు పంపినప్పుడు దాదాపు 0.05 వోల్టు కనిపిస్తుంది. వోల్టుకి ఒక ఆక్టేవ్ లెక్కలో అది సగం సెమిటోన్ (కీబోర్డు మీద పక్కపక్క కీల మధ్య దూరం) కంటే ఎక్కువ తేడా.

గ్రౌండ్ సంగతీ ఉంది. బనానా కేబుల్లో ఒక్క తీగే. అన్నీ ఒకే కేసులో ఉంటే పవర్ బస్ నుంచే గ్రౌండ్ కలుస్తుంది, ఇబ్బంది లేదు. వేరే సప్లై ఉన్న రెండో కేసుకి వెళ్తే మాత్రం రెండింటి గ్రౌండ్‌లూ ఒక వైరుతో కలపాలి. లేకపోతే హమ్ వస్తుంది, లేదా ట్యూనింగ్ ఎటో పోతుంది. ఆసిలేటర్ పాడైందనుకుని ట్రిమ్మర్లు తిప్పేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

నా మాట వింటే మాడ్యూల్‌ని ముట్టుకోకుండా ఒక అల్యూమినియం పట్టీ తీసుకోండి. ఒక వరుసలో 3.5 ఎంఎం జాక్‌లు, కింద వరుసలో బనానా సాకెట్లు, టిప్ నుంచి సాకెట్‌కి ఒక వైరు, జాక్‌ల గ్రౌండ్ అంతా కలిపి ఒక నల్ల సాకెట్‌కి. ఇందులో పవర్ అక్కర్లేదు, మాడ్యూల్ రీసేల్ ధరా పోదు. పట్టీ నుంచి మాడ్యూల్‌కి కేబుల్ గుచ్చితే, అవతల బనానా ఖాళీగా ఉన్నా నార్మలింగ్ తెగిపోతుంది. కాబట్టి అవసరమైనవే గుచ్చండి.

కేబుళ్లు కొనేటప్పుడు జాగ్రత్త. మల్టీమీటర్లకి వచ్చే, ప్లగ్ చుట్టూ ప్లాస్టిక్ తొడుగున్న రకాన్నే షాపుల్లో ముందు చూపిస్తారు. "అదే 4 ఎంఎం సార్" అంటారు. ఆ తొడుగు మామూలు సాకెట్ అంచుకి తగిలి ప్లగ్ లోపలికి దిగదు, ఒకదాని మీద ఒకటి ఎక్కించడమూ ప్రతి రకానికీ కుదరదు. ఒక సాకెట్ జేబులో వేసుకెళ్లి, షాపులోనే గుచ్చి చూసి డబ్బివ్వండి.